ఒరాకిల్‌లో ఒక యూజర్ జాబ్స్ చూడాలంటే ఏ వ్యూ తెరవాలి?

"ఈ యూజర్ పేరు మీద ఏయే జాబ్స్ షెడ్యూల్ అయి ఉన్నాయో కాస్త చూసి చెప్పండి" అని మెయిల్ వస్తుంది. జాబ్ అంటే చెప్పిన సమయానికి డేటాబేస్ తనంతట తానే నడిపే పని. అడిగేవాళ్లకు అది ఒక్క లైను ప్రశ్న. ఒరాకిల్ డేటాబేస్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రం దానికి చాలా దారులు కనిపిస్తాయి. ఎక్కువభాగం వ్యూలే, అంటే డేటాబేస్ తన సమాచారాన్ని టేబుల్ రూపంలో చూపించే కిటికీలు: యూజర్_జాబ్స్, యూజర్_షెడ్యూలర్_జాబ్స్, ఆల్_షెడ్యూలర్_జాబ్స్, డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్, వీటి పక్కనే రన్నింగ్ జాబ్స్ వ్యూ, లాగ్ వ్యూలు, ఇవి కాక ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో మౌస్‌తో తెరిచి చూసే దారి. ఒకే యూజర్ గురించి వీటిని అడిగితే ఒక్కోటి ఒక్కో లెక్క చెప్పవచ్చు. ఏదీ అబద్ధం చెప్పదు, కానీ ఏదీ మొత్తం చెప్పదు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఒక వ్యూలో వెతికి, రోలు (వరసలు) ఏమీ రాకపోతే "ఈ యూజర్‌కి జాబ్స్ లేవు" అని జవాబు పంపేయడం దగ్గర. ఆ జవాబు నమ్మి ఎవరో స్కీమాని (ఆ యూజర్ టేబుళ్లు, కోడ్ అన్నీ ఉండే భాగాన్ని) తీసేస్తారు, లేదా అప్‌గ్రేడ్ లిస్టులోంచి కొట్టేస్తారు. నెలాఖరున జీతాల ఫైలు రాకపోయేసరికి అందరికీ టెన్షన్. అందుకే ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వ్యూల పేర్లు, కాలమ్‌ల పేర్లు పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో కొట్టాలి.

## ముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

ఆ జాబ్‌ని ఏ పద్ధతిలో పెట్టారు? ఒరాకిల్‌లో జాబ్ పెట్టడానికి రెండు ప్యాకేజీలున్నాయి. పాతది డీబీఎంఎస్_జాబ్. కొత్తది డీబీఎంఎస్_షెడ్యూలర్, ఇది 10జీ వెర్షన్‌తో వచ్చింది. 12.2 వెర్షన్ నుంచి పాతదాన్ని ఇక వాడవద్దని ఒరాకిలే ప్రకటించింది. అయినా ఏళ్ల కిందట రాసిన అప్లికేషన్లలో పాత జాబ్స్ ఇప్పటికీ నడుస్తున్నాయి. 19సీ కంటే ముందు వెర్షన్లలో ఈ రెండింటి జాబితాలూ పూర్తిగా వేరువేరు. ఒకదాంట్లో వెతికితే రెండోదానివి కనిపించవు.

"ఆ యూజర్ జాబ్స్" అంటే ఏమని? ఆ యూజర్ స్కీమాలో ఉన్నవా, ఆ యూజర్ సృష్టించినవా? మామూలుగా రెండూ ఒకటే. కానీ క్రియేట్ ఎనీ జాబ్ అనే హక్కు ఉన్నవాళ్లు వేరొకరి స్కీమాలో కూడా జాబ్ పెట్టగలరు. అప్పుడు ఓనర్ ఒకరు, జాబ్_క్రియేటర్ ఇంకొకరు. జాబ్ నడిచేది ఓనర్ హక్కులతోనే. సంస్థ వదిలి వెళ్లిపోయినవారి అకౌంట్ మూసేముందు వాళ్లు ఎవరెవరి స్కీమాల్లో ఏం పెట్టారో చూడాలంటే, ఓనర్ మీద వెతికితే సగమే దొరుకుతుంది.

ఏ కాలం గురించి అడుగుతున్నారు? ఇకముందు నడవాల్సినవా, ఈ నిమిషంలో నడుస్తున్నవా, నిన్న రాత్రి నడిచినవా? మూడింటికీ వేర్వేరు వ్యూలు.

మీ చేతిలో ఏ హక్కులున్నాయి? మీ సొంత జాబ్స్ చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇతరులవి చూడాలంటేనే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకులు) దగ్గరికి వెళ్లాలి. ఎంత హక్కు అడగాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే, దాని గురించి కింద చెబుతాను.

## యూజర్_షెడ్యూలర్_జాబ్స్: చాలామందికి మొదటి అడుగు ఇదే

కొత్త పద్ధతిలో పెట్టిన మీ సొంత జాబ్స్ అన్నీ ఇందులో ఉంటాయి. లాగిన్ అయిన యూజర్ తన స్కీమాలోవే చూస్తాడు కాబట్టి ఇందులో ఓనర్ అనే కాలమ్ ఉండదు. వేరే చోట నుంచి కాపీ చేసిన క్వెరీలో ఓనర్ అని ఉంటే ఇక్కడ ఎర్రర్ వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

అన్ని కాలమ్‌లూ తెచ్చుకుంటే స్క్రీన్ నిండిపోయి ఏమీ అర్థం కాదు. రోజువారీ పనికి ఇవి చాలు:

సెలెక్ట్ జాబ్_నేమ్, ఎనేబుల్డ్, స్టేట్, రన్_కౌంట్, ఫెయిల్యూర్_కౌంట్, లాస్ట్_స్టార్ట్_డేట్, నెక్స్ట్_రన్_డేట్ ఫ్రమ్ యూజర్_షెడ్యూలర్_జాబ్స్ ఆర్డర్ బై నెక్స్ట్_రన్_డేట్;

ఇందులో స్టేట్ అనే కాలమ్‌ని జాగ్రత్తగా చదవాలి. షెడ్యూల్డ్ అని కనిపించగానే అంతా బాగుందనుకోవడం సహజం. కానీ రోజూ నడిచే జాబ్ వారం రోజులుగా వరసగా ఫెయిల్ అవుతున్నా స్టేట్ మాత్రం షెడ్యూల్డ్ అనే ఉంటుంది, ఎందుకంటే రేపటి రన్ దానికి ఇంకా ఉంది. మ్యాక్స్_ఫెయిల్యూర్స్ అనే హద్దు పెట్టి ఉంటేనే, ఆ హద్దు చేరాక బ్రోకెన్ అవుతుంది. హద్దు పెట్టకపోతే అలా ఫెయిల్ అవుతూనే ఉంటుంది. కాబట్టి స్టేట్ పక్కన ఫెయిల్యూర్_కౌంట్ లేకుండా ఏ రిపోర్టూ తయారు చేయకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, అది ఇదే కావాలని నా కోరిక.

ఇంకో పరిస్థితి. స్టేట్ షెడ్యూల్డ్ అని ఉంది, కానీ నెక్స్ట్_రన్_డేట్ ఎప్పుడో గడిచిపోయిన సమయం చూపిస్తోంది. అలాంటప్పుడు తప్పు ఆ జాబ్‌లో ఉండే అవకాశం తక్కువ. మొత్తం డేటాబేస్‌లోనే జాబ్స్ నడవకుండా ఆపి ఉండవచ్చు. జాబ్_క్యూ_ప్రాసెసెస్ అనే పారామీటర్ విలువ సున్నా చేస్తే జాబ్స్ ఏవీ కదలవు, కానీ వ్యూలో రోలు అలాగే ఉంటాయి. మెయింటెనెన్స్ కోసం సున్నా చేసి, పనయ్యాక తిరిగి పెంచడం మర్చిపోతే సరిగ్గా ఇదే దృశ్యం కనిపిస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ల్యాబ్ చేసేవాళ్లయినా ఇంట్లో సొంతంగా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లయినా, తరచూ అడిగే సందేహం ఒకటుంది: "జాబ్ క్రియేట్ చేశాను, వ్యూలో కనిపిస్తోంది, కానీ నడవడం లేదు". ఎనేబుల్డ్ కాలమ్ చూడండి. క్రియేట్_జాబ్‌లో ఎనేబుల్డ్ విలువ మనం ఇవ్వకపోతే అది ఫాల్స్‌గానే ఉంటుంది. జాబ్ పుడుతుంది కానీ డిజేబుల్డ్ స్థితిలో పడి ఉంటుంది.

జాబ్_యాక్షన్ ఖాళీగా కనిపించినా భయపడవద్దు. ఆ జాబ్ విడిగా నిర్వచించి పెట్టిన ఒక ప్రోగ్రామ్‌ని వాడుతోందన్నమాట. ప్రోగ్రామ్_నేమ్ చూసి, యూజర్_షెడ్యూలర్_ప్రోగ్రామ్స్‌లో వెతికితే అసలు ఏం నడుస్తుందో తెలుస్తుంది. అలాగే రిపీట్_ఇంటర్వెల్ ఖాళీగా ఉంటే షెడ్యూల్_నేమ్ చూడాలి.

## యూజర్_జాబ్స్: పాత అప్లికేషన్లు ఉన్నచోట తప్పదు

డీబీఎంఎస్_జాబ్‌తో పెట్టినవి ఇక్కడ ఉంటాయి. ఇందులో జాబ్‌కి పేరుండదు, నంబర్ మాత్రమే. ఏ పని చేస్తుందో తెలియాలంటే వాట్ అనే కాలమ్ చదవాలి. ఎప్పుడెప్పుడు నడుస్తుందో ఇంటర్వెల్ కాలమ్ చెబుతుంది.

ఇంటర్వెల్‌లో సిస్‌డేట్ + 1 అని మాత్రమే ఉంటే ఆ జాబ్ సమయం రోజురోజుకీ కొద్దికొద్దిగా ఆలస్యం వైపు జరుగుతూ ఉంటుంది. జాబ్ మొదలైన క్షణం నుంచి లెక్కేసి తర్వాతి సమయం నిర్ణయమవుతుంది, మొదలవడంలో ప్రతిసారీ కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి. రాత్రి 2 గంటలకు పెట్టిన జాబ్ కొన్నాళ్లకు 2:20కి నడుస్తోందంటే కారణం అదే కావచ్చు. ట్రంక్ (తేదీలోంచి గంటలు, నిమిషాలు తీసేసే ఫంక్షన్) వేసి, గంటలు విడిగా కలిపి రాసినచోట ఈ జరగడం ఉండదు.

ఈ వ్యూలో దగ్గరగా చూడాల్సినవి మరో రెండున్నాయి. పాత పద్ధతి జాబ్ ఫెయిల్ అయితే ఒరాకిల్ ఒక నిమిషం తర్వాత, రెండు నిమిషాల తర్వాత, నాలుగు నిమిషాల తర్వాత, ఇలా వ్యవధి పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది. వరసగా 16 సార్లు ఫెయిల్ అయ్యాక బ్రోకెన్ కాలమ్‌లో వై అని పెట్టి వదిలేస్తుంది. అలా బ్రోకెన్ అయిన జాబ్‌కి నెక్స్ట్_డేట్ 4000వ సంవత్సరం జనవరి 1 అని పడుతుంది. సంవత్సరాన్ని రెండంకెలతో చూపించే ఫార్మాట్‌లో ఉంటే స్క్రీన్ మీద అది 01-జాన్-00 అని కనబడుతుంది, 2000 సంవత్సరమేమో, పాత చెత్తేమో అని దాటేసే ప్రమాదం ఉంది. తేదీ ఫార్మాట్‌ని నాలుగంకెల సంవత్సరంతో, గంటలు నిమిషాలతో సెట్ చేసుకున్నాకే ఈ వ్యూ తెరవండి.

ఆల్_జాబ్స్ అని ఒక పేరు కూడా ఉంది. పేరు చూసి అందరివీ వస్తాయని ఆశపడకండి. అది యూజర్_జాబ్స్‌కి మరో పేరు మాత్రమే, అవే రోలు వస్తాయి. పాత పద్ధతిలో ఇతరుల జాబ్స్ చూడాలంటే డీబీఏ_జాబ్స్ ఒక్కటే దారి.

19సీ నుంచి కథ మారింది. అక్కడ డీబీఎంఎస్_జాబ్‌తో పెట్టినా లోపల షెడ్యూలర్ జాబ్‌గానే తయారవుతుంది. దాని పేరు డీబీఎంఎస్_జాబ్ అని మొదలై, డాలర్ గుర్తు, అండర్‌స్కోర్, ఆపైన నంబర్‌తో ఉంటుంది. అది యూజర్_జాబ్స్‌లోనూ కనిపిస్తుంది, యూజర్_షెడ్యూలర్_జాబ్స్‌లోనూ కనిపిస్తుంది. అంటే పాత వెర్షన్‌లో రెండు వ్యూలనూ కలిపితేనే సరైన మొత్తం వస్తుంది, 19సీలో రెండూ కలిపితే అదే జాబ్‌ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అప్‌గ్రేడ్‌కి ముందు, తర్వాత జాబ్స్ సంఖ్య పోల్చే స్క్రిప్టు రాసేవాళ్లు దీన్ని తప్పనిసరిగా గమనించాలి. ఇంకో మార్పు: 19సీలో పాత ప్యాకేజీ వాడే యూజర్‌కి కూడా క్రియేట్ జాబ్ హక్కు ఉండాలి. అంతకుముందు ఆ అవసరం లేదు.

కమిట్ (చేసిన మార్పును ఖాయం చేసే ఆదేశం) సంగతి కూడా చెప్పాలి. డీబీఎంఎస్_జాబ్‌తో సబ్మిట్ చేసి కమిట్ చేయకపోతే మీ సెషన్‌లో జాబ్ కనిపిస్తుంది, పక్క సెషన్‌లో కనిపించదు. "నాకు కనిపిస్తోంది, నీకెందుకు కనిపించడం లేదు" అని ఇద్దరు వాదించుకుంటుంటే మొదట అడగాల్సింది కమిట్ గురించే.

## ఆల్_షెడ్యూలర్_జాబ్స్: మధ్యస్థం, కానీ తక్కువమందికే

మీ సొంతవి, వాటితోపాటు మీకు హక్కు ఇచ్చిన ఇతరుల జాబ్స్ ఇందులో వస్తాయి. ఇక్కడ ఓనర్ కాలమ్ ఉంటుంది. ఇతరుల స్కీమాలోని ఒకటి రెండు జాబ్స్ మాత్రమే మీ బాధ్యత అయితే ఇది చక్కగా సరిపోతుంది.

అయితే కేవలం చూడటం కోసం ఎవరికైనా ఒక జాబ్ మీద ఆల్టర్ హక్కు ఇవ్వడం నాకు నచ్చదు. ఆల్టర్ ఉన్నవాళ్లు ఆ జాబ్‌ని ఆపగలరు, మార్చగలరు. చూడాల్సిన పనికి మార్చే హక్కు ఇవ్వడం ఎక్కువ. పైగా ఈ వ్యూ ఇచ్చే జవాబు మీకున్న హక్కుల మీద ఆధారపడుతుంది కాబట్టి, ఒకే క్వెరీ ఇద్దరు నడిపితే రెండు జవాబులు వస్తాయి. రిపోర్టులకు, ఆడిట్‌లకు ఇది పనికిరాదని నా అభిప్రాయం.

## డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్: మొత్తం బొమ్మ, పెద్ద హక్కు

డేటాబేస్‌లో అందరి జాబ్స్. ఓనర్, జాబ్_క్రియేటర్ రెండు కాలమ్‌లూ ఉంటాయి కాబట్టి "ఈ యూజర్‌వి" అన్న ప్రశ్నకు రెండు అర్థాల్లోనూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. షరతు రాసేటప్పుడు యూజర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. చిన్న అక్షరాల్లో రాస్తే రోలు రావు, జాబ్స్ లేవన్న అపోహ కలుగుతుంది.

దీనికి సెలెక్ట్_క్యాటలాగ్_రోల్ గానీ, సెలెక్ట్ ఎనీ డిక్షనరీ గానీ కావాలి. డిక్షనరీ అంటే డేటాబేస్ తన గురించి తాను దాచుకునే సమాచారం. రెండూ పెద్ద హక్కులే, జాబ్స్ కాక ఇంకెన్నో తెరిచి చూపిస్తాయి. జాబ్_యాక్షన్ కాలమ్‌లో మొత్తం కోడ్ బ్లాకు కనిపిస్తుంది, అందులో పాస్‌వర్డులు, ఫైల్ దారులు నేరుగా రాసేసిన సందర్భాలు ఉంటాయి. అందుకే సపోర్ట్ టీమ్ మొత్తానికి ఈ హక్కు పంచిపెట్టడం మంచిది కాదు.

మధ్యేమార్గం ఒకటుంది, నేను గట్టిగా సూచించేది అదే. డీబీఏ ఒక అడ్మిన్ స్కీమాలో చిన్న వ్యూ తయారు చేయాలి: డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్‌లోంచి ఫలానా ఓనర్‌వి మాత్రమే, జాబ్_యాక్షన్ లేకుండా, కావాల్సిన ఏడెనిమిది కాలమ్‌లతో. ఆ వ్యూ మీద సెలెక్ట్ మాత్రమే సపోర్ట్ టీమ్‌కి ఇవ్వాలి. ఒక చిక్కు ఉంది: అడ్మిన్ స్కీమాకి ఆ డిక్షనరీ వ్యూ మీద హక్కు రోల్ (హక్కుల కట్ట) ద్వారా కాక నేరుగా, ఇతరులకూ ఇవ్వగలిగే విత్ గ్రాంట్ ఆప్షన్‌తో రావాలి. రోల్ ద్వారా వచ్చిన హక్కుతో వ్యూ తయారవదు. మామూలు ప్రొసీజర్లలోనూ ఇదే సమస్య: ప్రాంప్ట్ దగ్గర బాగా నడిచిన క్వెరీ ప్రొసీజర్‌లో పెట్టగానే టేబుల్ లేదా వ్యూ లేదని అంటుంది.

12సీతో మల్టీటెనెంట్ (ఒక రూట్ కింద ప్లగబుల్ డేటాబేస్‌లు అనే విడి డేటాబేస్‌లు ఉండే ఏర్పాటు) వచ్చింది కదా, అక్కడ ఇంకో మెట్టు ఉంది. ఒక ప్లగబుల్ డేటాబేస్‌లో ఉండి డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్ చూస్తే అక్కడివే కనిపిస్తాయి. రూట్‌లో ఉండి చూస్తే రూట్‌వే కనిపిస్తాయి. అన్నిట్లోనూ వెతకాలంటే రూట్ నుంచి సీడీబీ_షెడ్యూలర్_జాబ్స్ తెరవాలి, కాన్_ఐడీ చూసి ఏది ఎక్కడిదో తేల్చుకోవాలి.

## నడుస్తున్నవి, నడిచిపోయినవి

పైన చెప్పిన జాబ్స్ వ్యూలన్నీ ప్రధానంగా ముందు ఏం జరగబోతుందో చెప్పేవి. "ఇప్పుడు ఏం నడుస్తోంది" అంటే యూజర్_షెడ్యూలర్_రన్నింగ్_జాబ్స్ చూడండి. సెషన్_ఐడీ, ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే ఎలాప్స్‌డ్_టైమ్ ఇక్కడ దొరుకుతాయి. పాత పద్ధతి జాబ్స్‌కి డీబీఏ_జాబ్స్_రన్నింగ్ ఉంది కానీ యూజర్ అని మొదలయ్యే రూపం లేదు. ఆ హక్కు లేనివాళ్లు యూజర్_జాబ్స్‌లో దిస్_డేట్ కాలమ్ చూడొచ్చు. అది నిండి ఉంటే ఆ జాబ్ నడుస్తోందని అర్థం.

"నిన్న రాత్రి ఏమైంది" అన్నదానికి యూజర్_షెడ్యూలర్_జాబ్_రన్_డీటెయిల్స్. నా దృష్టిలో సపోర్ట్ పనిలో అన్నిటికంటే విలువైన వ్యూ ఇది. ప్రతి రన్‌కీ ఒక రో ఉంటుంది. స్టేటస్, ఎర్రర్ నంబర్, ఎంతసేపు నడిచిందో చెప్పే రన్_డ్యూరేషన్, ఎర్రర్ సందేశం ఉండే అడిషనల్_ఇన్‌ఫో ఉంటాయి. రెక్_స్టార్ట్_డేట్ (మొదటి మాట ఆర్, ఈ, క్యూ), యాక్చువల్_స్టార్ట్_డేట్ అని రెండు సమయాలుంటాయి: మొదలవ్వాల్సింది ఎప్పుడు, మొదలైంది ఎప్పుడు. ఈ రెండింటి మధ్య తేడా రోజురోజుకీ పెరుగుతుంటే జాబ్ కోడ్‌ని తిట్టుకోవద్దు. ఖాళీ ప్రాసెస్ దొరక్క అది వరసలో నిలబడుతూ ఉండవచ్చు.

ఒక్కసారే నడిచే జాబ్స్ విషయంలో ఈ వ్యూ లేకపోతే దారే లేదు. ఆటో_డ్రాప్ విలువ మామూలుగా ట్రూ ఉంటుంది. పని ముగియగానే జాబ్ తనంతట తానే డ్రాప్ అయిపోయి యూజర్_షెడ్యూలర్_జాబ్స్‌లోంచి మాయమవుతుంది. "నిన్న పెట్టిన జాబ్ ఎవరు డిలీట్ చేశారు?" అని టీమ్‌లో ఒకరినొకరు అనుమానించుకునే ముందు రన్ డీటెయిల్స్ తెరవండి, అక్కడ దాని జాడ ఉంటుంది. అయితే ఆ జాడ కూడా శాశ్వతం కాదు. మార్చకుండా వదిలేస్తే లాగ్ 30 రోజులే నిలుస్తుంది. మూడు నెలల చరిత్ర అడిగే ఆడిట్ ఉన్నచోట లాగ్_హిస్టరీ విలువ ముందే పెంచుకోవాలి. అడిగాక పెంచితే పోయినవి తిరిగి రావు.

## ఒక్క చూపులో

| వ్యూ | ఎవరివి | ఏ కాలం | అదనపు హక్కు | ఇందులో దొరకనిది |
|---|---|---|---|---|
| యూజర్_షెడ్యూలర్_జాబ్స్ | సొంతవి | ముందు జరగాల్సినవి | అక్కర్లేదు | 19సీ కంటే ముందు పాత పద్ధతివి. డ్రాప్ అయినవి |
| యూజర్_జాబ్స్ | సొంతవి, పాత పద్ధతివి | ముందు జరగాల్సినవి | అక్కర్లేదు | షెడ్యూలర్‌తో నేరుగా పెట్టినవి |
| ఆల్_షెడ్యూలర్_జాబ్స్ | సొంతవి, హక్కు ఉన్నవి | ముందు జరగాల్సినవి | జాబ్ మీద హక్కు | హక్కు లేనివి |
| డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్ | అందరివీ | ముందు జరగాల్సినవి | డిక్షనరీ చూసే హక్కు | వేరే ప్లగబుల్ డేటాబేస్‌లోవి |
| యూజర్_షెడ్యూలర్_రన్నింగ్_జాబ్స్ | సొంతవి | ఈ క్షణం | అక్కర్లేదు | ఆగి ఉన్నవి |
| యూజర్_షెడ్యూలర్_జాబ్_రన్_డీటెయిల్స్ | సొంతవి | జరిగిపోయినవి | అక్కర్లేదు | లాగ్ గడువు దాటినవి |

## ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో చూస్తే సరిపోదా?

చాలావరకు సరిపోతుంది. కనెక్షన్ కింద షెడ్యూలర్, దాని కింద జాబ్స్ తెరిస్తే మీ జాబ్స్ వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద క్లిక్ చేస్తే వివరాలు, ఆర్గ్యుమెంట్లు, రన్ లాగ్ పక్కపక్క ట్యాబుల్లో వస్తాయి. ఒకే ఒక్క జాబ్ లోతుగా చూడాలంటే క్వెరీలు రాయడం కంటే ఇదే సుఖం, ముఖ్యంగా ప్రోగ్రామ్, షెడ్యూల్ విడివిడిగా ఉన్న జాబ్స్‌కి.

ముప్ఫై జాబ్స్‌లో ఏవి ఫెయిల్ అవుతున్నాయో ఒకేసారి చూడాలంటే మాత్రం క్వెరీయే మేలు. చెట్టులాంటి ఆ లిస్టులో పాత పద్ధతి జాబ్స్ కనిపించలేదని అవి లేవనుకోకూడదు కూడా. ఒరాకిల్ నిర్వహణ సాధనమైన ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ వాడే చోట మరో సంగతి: దానికి సొంత జాబ్ సిస్టమ్ ఉంది. అందులో పెట్టినవి, అలాగే సర్వర్‌లో క్రాన్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ సొంత షెడ్యూలర్‌తో) నడిపే స్క్రిప్టులు, ఈ వ్యూల్లో దేంట్లోనూ కనిపించవు. డేటాబేస్‌లో ఏదో ఒక టేబుల్ రోజూ తెల్లవారుజామున మారుతోంది, ఏ వ్యూలోనూ జాబ్ లేదు అంటే వెతకాల్సింది బయట.

## సమయం చదివేటప్పుడు

మన దగ్గర రాత్రి 2 గంటలంటే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు రాత్రి 8:30. సర్వర్ యూటీసీలో ఉంటే నెక్స్ట్_రన్_డేట్‌లో 20:30 అని, చివర ప్లస్ సున్నా అని చూపిస్తుంది. తేదీ కూడా ఒకరోజు వెనక ఉంటుంది. షెడ్యూలర్ వ్యూల్లో సమయంతోపాటు టైమ్ జోన్ కూడా ఉంటుంది కాబట్టి క్వెరీలోనే ఎట్ టైమ్ జోన్ అని రాసి, ఏషియా/కోల్‌కతా అని ఇస్తే మన సమయంలోకి మారుతుంది. యూజర్_జాబ్స్‌లో ఉండేది వట్టి డేట్, జోన్ సమాచారం ఉండదు. సర్వర్ గడియారం ఏదో మీరే తెలుసుకుని మనసులో కలుపుకోవాలి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింట్ల డేటాబేస్ చూసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. న్యూయార్క్‌కి మనకి తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. మార్చిలో, నవంబరులో అక్కడి గడియారం మారినప్పుడు జాబ్ కూడా దానితోపాటు మారాలంటే స్టార్ట్_డేట్‌లో అమెరికా/న్యూయార్క్ అన్న ప్రాంతం పేరు ఉండాలి. మైనస్ ఐదు గంటలు అన్న అంకె మాత్రమే ఉంటే జాబ్ కదలదు, అక్కడివాళ్ల లెక్కలో గంట అటూఇటూ అవుతుంది. ప్రాంతం పేరుందో అంకె ఉందో తెలియాలంటే టూ_చార్‌లో టీజెడ్‌ఆర్ అన్న ఫార్మాట్‌తో స్టార్ట్_డేట్ చూడండి. నవంబరు వచ్చేలోగా అన్ని జాబ్స్‌కీ ఒకసారి ఈ పరీక్ష చేసి పెట్టుకుంటే ఆ ఆదివారం ఫోన్లు రావు.

## ఎవరికి ఏది

డెవలపర్ అయితే, మీ స్కీమాతో లాగిన్ అయ్యి యూజర్_షెడ్యూలర్_జాబ్స్, దాని తర్వాత రన్ డీటెయిల్స్. ఈ రెండూ చాలు. డీబీఏ హక్కులు అడగవద్దు, అవసరం లేదు. కొత్త జాబ్ దేన్నీ డీబీఎంఎస్_జాబ్‌తో మొదలుపెట్టవద్దు.

నైట్ షిఫ్ట్ సపోర్ట్ అయితే, మీకు అప్లికేషన్ స్కీమా పాస్‌వర్డ్ ఇవ్వకూడదు, పూర్తి డిక్షనరీ హక్కూ ఇవ్వకూడదు. పైన చెప్పిన చిన్న వ్యూలు మూడు అడగండి: జాబ్స్‌కి ఒకటి, నడుస్తున్నవాటికి ఒకటి, రన్ డీటెయిల్స్‌కి ఒకటి. మూడూ భారత సమయంలో చూపించేలా రాయించుకోండి. తెల్లవారుజామున మూడింటికి అలర్ట్ వచ్చినప్పుడు యూటీసీ నుంచి లెక్కలు కట్టే ఓపిక ఎవరికీ ఉండదు. మొదట రన్ డీటెయిల్స్ తెరవండి, ఆ తర్వాతే జాబ్స్. జరిగింది తెలిశాక జరగబోయేది చూడటం సులువు.

డీబీఏ అయితే, ఎవరైనా "ఫలానా యూజర్ జాబ్స్" అని అడిగినప్పుడు ఓనర్ మీద, జాబ్_క్రియేటర్ మీద విడివిడిగా వెతికి రెండు జవాబులూ ఇవ్వండి. 19సీ కంటే పాత వెర్షన్ అయితే డీబీఏ_జాబ్స్ కూడా చూడాలి. అక్కడ లాగ్_యూజర్, ప్రివ్_యూజర్, స్కీమా_యూజర్ అని మూడు కాలమ్‌లుంటాయి. సబ్మిట్ చేసిందెవరు, ఎవరి హక్కులతో నడుస్తోంది, ఏ స్కీమా పేరుతో పేర్లు వెతుక్కుంటోంది అన్నవి అవి చెబుతాయి.

అప్‌గ్రేడ్ లేదా మైగ్రేషన్ చేస్తున్నవాళ్లయితే, పాత డేటాబేస్‌లో డీబీఏ_జాబ్స్, డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్ రెండూ విడిగా ఫైల్లోకి తీసి దాచుకోండి. బ్రోకెన్ వై అని ఉన్నవాటిని, డిజేబుల్ అయి ఉన్నవాటిని వాటి యజమానులకు చూపించి, ఉంచాలా తీసేయాలా అని రాతపూర్వకంగా అడగండి. షెడ్యూలర్ జాబ్ పూర్తి నిర్వచనం కావాలంటే డీబీఎంఎస్_మెటాడేటా ప్యాకేజీలో గెట్_డీడీఎల్‌కి ప్రాక్‌ఆబ్జ్ అనే రకం ఇస్తే స్క్రిప్టు వస్తుంది. కొత్త డేటాబేస్ తెరిచాక షెడ్యూలర్ వ్యూ ఒక్కటే చూసి, డీబీఎంఎస్_జాబ్ అని మొదలయ్యే పేర్లను పాత ఫైల్లోని వాట్ కాలమ్‌తో ఒక్కొక్కటిగా పోల్చండి. సంఖ్య కలిసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ప్రతి జాబ్ కొత్తచోట కనీసం ఒకసారి విజయవంతంగా నడిచినట్టు రన్ డీటెయిల్స్‌లో కనిపించాకే పాత సర్వర్ ఆపండి.